రంజకం బొట్టు

శోణగిరి కోట వాకిట నిలబడ్డ బాణసంచావాణ్ణి చూసి కావలిభటుడు ఒక అడుగు వెనక్కి వేశాడు. గడ్డం నెరిసింది, నడుం వంగింది, నెత్తిన చిచ్చుబుడ్ల గంప ఉంది. కళ్లు మాత్రం ముసలివాడి కళ్లు కావు. కుంపటిలో అప్పుడే విసిరిన బొగ్గుల్లా మండుతున్నాయి.

"ఏం తాతా, ఎవరి మీద అంత కోపం?" అన్నాడు భటుడు.

"మా ముసల్దాని మీద," అన్నాడు బాణసంచావాడు పళ్లు నూరుతూ.

భటుడు పకపకా నవ్వాడు. "అయితే తొందరగా లోపలికి పో. నీ కోపం చల్లారే తమాషా ఉంది ఇవాళ. దళవాయి కొండమనాయుణ్ణి ఫిరంగి మూతికి కట్టేశారు. మధ్యాహ్నం నగారా మోగిందా, ముసలాడు తునాతునకలే!"

గంప అంచును పట్టుకున్న చేయి ఎంత బిగిసిందంటే వెదురుబద్ద ఒకటి పుటుక్కున విరిగింది. భటుడు అది గమనించలేదు. గమనించి ఉంటే ఆ గడ్డం మేకబొచ్చుతో చేసినదనీ, ఆ నడుం వంపు బూటకమనీ, తాను లోపలికి పంపుతున్నది శోణగిరి రెండవ యువరాజు చండకేతుననీ తెలిసేది. తెలిస్తే వాడి పంట పండేది. చండకేతు తల తెచ్చినవాడికి నిలువెత్తు బంగారం ఇస్తామని దండోరా వేయించింది మరెవరో కాదు, చండకేతు కన్నతండ్రే.

ఆ మహానుభావుడి పేరు సత్యకేతు మహారాజు. ఎక్కడి నుంచో భస్మాంగుడనే మాంత్రికుడు వచ్చి తాను రాజగురువునన్నాడు. రాజుగారు నమ్మారు. వసంతోత్సవం నాడు పెద్ద యువరాజు జయకేతు గురి చూసి పేల్చబోయిన పిస్తోలు అతని చేతిలోనే పగిలిపోయింది. వైద్యం చేస్తానని భస్మాంగుడు అతణ్ణి తన గుహకు మోసుకుపోయి, మర్నాడు ఒక బూడిద కుండ తెచ్చి "ఇదిగో మీ అబ్బాయి" అన్నాడు. రాజుగారు అదీ నమ్మారు. ఆ పిస్తోలులో మందు దట్టించిన దళవాయే కావాలని చంపాడన్నాడు మాంత్రికుడు. సరిహద్దులో శత్రువులతో పోరాడుతున్న చండకేతే సింహాసనం కోసం ఆ పని చేయించాడన్నాడు. అన్నీ నమ్మారు. నమ్మడానికి ఇంకేమీ మిగలక ఇప్పుడు ఉయ్యాల మంచం మీద కూర్చుని ఉన్నారు.

తల్లి లేని ఆ అన్నదమ్ములిద్దరికీ నడక నేర్పినవాడు ఆ దళవాయి, సేనానాయకుడు కొండమనాయుడు. గుర్రం నేర్పినవాడు, గురి నేర్పినవాడు కూడా ఆయనే. ఆరు గదుల పిస్తోళ్లు జంటగా తయారుచేసి చెరొకటి ఇచ్చాడు. అలాంటివి మరే రాజ్యంలోనూ లేవు. పిడికి ముందు బత్తాయిపండంత ఉక్కు చక్రం, చక్రం చుట్టూ ఆరు గదులు, గదికో గుండు. ఒకటి పేలాక చక్రాన్ని చేత్తో తిప్పితే మరొకటి గొట్టానికి ఎదురుగా వచ్చి నిలుస్తుంది. జంటలో ఒకటి జయకేతు చేతిలో ముక్కలైంది. రెండోది ఇప్పుడు చిచ్చుబుడ్ల కింద, గంప అడుగున, గుడ్డలో చుట్టి ఉంది.

చండకేతు కోటలోకి నడిచాడు. శోణగిరి కోట చూడటానికి రెండు కళ్లూ చాలవు. ఏడు ప్రాకారాలూ దానిమ్మగింజ రంగు రాతితో కట్టినవి. బురుజు బురుజుకూ సింహముఖపు ఫిరంగి, ఫిరంగి ఫిరంగికీ మెడలో బంతిపూల దండ. రాజవీధికి రెండు వైపులా పగడాలు పొదిగిన స్తంభాలు, స్తంభాల నడుమ గాలికి ఊగే పట్టు తెరలు, తెరల మీద నెమళ్లు, నెమలికన్నుల్లో పచ్చలు. నేల మీద చల్లిన పన్నీరు ఎండకు ఆవిరై వీధంతా గుప్పుమంటోంది. చిన్నప్పుడు అన్న భుజాలెక్కి ఈ వీధిలో తిరిగిన చండకేతు ఇప్పుడు ఆ వాసనకు ముక్కు మూసుకున్నాడు. ఒక ముసలివాణ్ణి ముక్కలు చేయడానికి పన్నీరు చల్లుతారా!

రాజవీధి చివర, కోట నడిబొడ్డున, భేరుండ ఫిరంగి ఉంది. దాని మూతికి ఇనుప గొలుసులతో కొండమనాయుణ్ణి కట్టేశారు. గొలుసుల కొసలు కలిసేచోట ఆయన చెవి పక్కనే పిడికిలంత తాళం వేలాడుతోంది. తెల్లటి మీసాలు రక్తంతో అట్టకట్టాయి. అయినా ఆయన ఊరుకోలేదు. ఫిరంగి తుడుస్తున్న గోలందాజును తిడుతున్నాడు.

"ఒరేయ్, తడి కుంచె అలాగేనా పట్టుకోవడం? గొట్టంలో నిప్పురవ్వ మిగిలితే నీ చెయ్యి పోతుందిరా అప్రాచ్యుడా! నేనంటే ఎలాగూ పోయేవాణ్ణే!"

గోలందాజులంటే ఫిరంగులు పేల్చేవాళ్లు. వాళ్లందరూ కొండమనాయుడి శిష్యులే. తలలు వంచుకుని నిలబడ్డారు. పెద్ద గోలందాజు పోతినేడు మాత్రం తల తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

నగారా మీదికి కర్ర లేచింది. అంతే, చిచ్చుబుడ్ల గంప దభీమని నేలమీద పడింది.

"ఆపండి!" అని కోట దద్దరిల్లేలా అరిచాడు చండకేతు. "నేను మందు తీర్పు కోరుతున్నాను!"

కర్ర గాలిలోనే ఆగిపోయింది. మందు తీర్పు గోలందాజుల పాత కట్టుబాటు. మందు దట్టించడంలో ద్రోహం చేశాడని ఎవరి మీదైనా నేరం మోపితే, అతని తరఫున ఒకరు ముందుకు రావచ్చు. అభియోగం మోపినవాడు మూడు కుండల్లో మందు తెచ్చి పెట్టాలి. వచ్చినవాడు వాటిని తాకకుండా, చూసి ఒకటి ఎంచుకుని, దానితోనే పిస్తోలు నింపి పేల్చాలి. గుండు వెళ్లి అవతలి బురుజు మీది కంచు గంటను మోగిస్తే నిందితుడు విడుదలవుతాడు. గుండు మధ్యలో రాలిపోయినా, పిస్తోలు పగిలినా ఇద్దరికీ చావే.

"ఎవడు వీడు?" అన్నాడు మేడ మీది నుంచి భస్మాంగుడు. బూడిద రంగు ముఖం, పొడుగాటి జడలు. కుడిచేతికి మోచేతి దాకా నల్లపట్టు సంచి తొడుక్కుని ఉంటాడు. అందులో మంత్రశక్తి దాచుకున్నాడని ఊళ్లో చెప్పుకుంటారు.

చండకేతు మేకబొచ్చు గడ్డం పీకి అవతల పారేశాడు. జనం హాహాకారం చేశారు. అతను భస్మాంగుణ్ణి చూడలేదు. పక్కనే ఉన్న తండ్రిని చూశాడు.

"నాన్నగారూ! నా తల కావాలని దండోరా వేయించారట. నేనే తెచ్చాను. చూసుకోండి, ఇది మీ అబ్బాయి తలేనా?"

సత్యకేతు మహారాజు ఉయ్యాల మంచం మీద నుంచి కళ్లు చిట్లించి చూశాడు. మాయ కమ్మిన ఆ కళ్లకు కొడుకు కనిపించలేదు. "గురువుగారూ, ఎవరీ అబ్బాయి? గొంతు చాలా పెద్దది," అన్నాడు.

చండకేతుకు ఒళ్లంతా మంటలు లేచాయి. దండోరానైనా భరించాడు గాని ఆ మాటను భరించలేకపోయాడు.

"పట్టుకోండి!" అని భస్మాంగుడు గర్జించాడు. ఈటెలు పట్టుకుని భటులు ఉరికి వచ్చారు. చండకేతు ఒక్క దూకులో పోతినేడి పక్కకు చేరి, అతని నడుముకు వేలాడే మందుకొమ్ములోంచి పిడికెడు తీసి చేయి పైకెత్తాడు. భటులు ఎక్కడివాళ్లక్కడ బిగుసుకుపోయారు. మందు పట్టిన చేతిని ఎవరూ పట్టకూడదు. శోణగిరిలో పాలు మరవని పసివాళ్లకు కూడా తెలిసిన నియమం అది. అలా పట్టినచోట నాలుగు వీధులు లేచిపోయిన రోజులున్నాయి మరి.

"కట్టుబాటు కట్టుబాటే సామీ," అన్నాడు పోతినేడు మేడ కేసి చూస్తూ. "తీర్పు అడిగినాక ఇయ్యకపోతే మేం ఫిరంగి ముట్టం. కుండలు తెప్పించండి."

గోలందాజులందరూ తడి కుంచెలు నేలకు కొట్టి "కుండలు! కుండలు!" అని అరిచారు. భస్మాంగుడు పెదవి కొరుక్కుని మేడ దిగివచ్చాడు. వెనకాల మూడు మట్టికుండలు వచ్చాయి.

చండకేతు వంగి చూశాడు. మూడింటిలోనూ ఒకటే మందు. గసగసాల్లా సన్నగా, సమంగా, నల్లగా నిగనిగలాడుతోంది. పిస్తోలుకు సరిగ్గా కావలసిందే. అది మూడు కుండల్లోనూ ఉండటంతోనే అతనికి అనుమానం వచ్చింది. చంపదలుచుకున్నవాడు ఇంత మంచి మందు ఎందుకు పెడతాడు?

"బాగా చూసుకో యువరాజా," అన్నాడు భస్మాంగుడు తీయగా. "ఏదైనా ఎంచుకో. నీ ఇష్టం."

"ఎంచుకుంటాను. ముందు నువ్వు బొట్టు పెట్టుకో."

భస్మాంగుడి నవ్వు మాయమైంది. మందు ఇచ్చేవాడు ప్రతి కుండలోంచీ చిటికెడు తీసి నుదుట బొట్టు పెట్టుకుని, "ఇందులో మోసం లేదు" అని ప్రమాణం చేయాలి. ఆ తర్వాతే ఎంపిక.

"అదంతా పాతకాలపు చాదస్తం!" అన్నాడు భస్మాంగుడు.

"ఆ చాదస్తం మీదే ఈ కోట నిలబడి ఉందిరా బూడిదముఖం వాడా!" అని ఫిరంగి మూతి దగ్గర నుంచి కొండమనాయుడు కేక పెట్టాడు. "పెట్టుకో బొట్టు! వసంతోత్సవం నాడు నా చేతికి మందు అందిస్తూ కూడా ఇలాగే ఎగ్గొట్టావు. రాజగురువు కదా అని ఊరుకున్నాను. నాదే బుద్ధి తక్కువ!"

గోలందాజులు మూడడుగులు ముందుకు వచ్చారు. భస్మాంగుడు ఎడమచేతిని మొదటి కుండలో పెట్టాడు. ఎడమచేత్తో బొట్టా అని జనం గొణుక్కున్నారు. కుడిచేతి పట్టుసంచి కదలనైనా కదలలేదు.

మాయ కమ్మింది కుండలకు. కుండ దాటి పైకి వచ్చిన మందుకు ఆ మాయ అంటలేదు. చండకేతు రెప్ప వేయకుండా ఆ నుదుటినే చూశాడు. మొదటి చిటికెడు పిండిలా మెత్తగా అతుక్కుని తళతళా మెరిసింది. రెండో చిటికెడు నుదుట నిలవనే లేదు. పెసరగింజలంత పలుకులు ముక్కు మీద నుంచి జారి రాతినేల మీద టపటపా గెంతాయి. మూడోది చెమట తగలగానే కాటుకలా కరిగి కనుబొమ మీదికి కారింది.

చండకేతుకు అంతా తెలిసిపోయింది. మొదటిది రంజకం. పిస్తోలు చిల్లులో నిప్పు అందుకోవడానికి చిటికెడు వేసే మందు అది. దాన్ని గదిలో నింపితే ఉక్కైనా ఆగదు. అన్న చేతిలో పగిలింది దానివల్లే! రెండోది ఫిరంగి మందు. ఆ లావు పలుకులు తీరిగ్గా మండుతాయి. పొట్టి గొట్టపు పిస్తోలులో అవి సగం మండేలోపే గుండు బయటికి వచ్చి కాళ్ల దగ్గర పడుతుంది. మూడోది ఉత్త బొగ్గుపొడి. మూడింటిలో ఒక్కటీ పనికిరాదు. కట్టుబాటు గొంతు ఇంత అందంగా పిసికినవాణ్ణి అతను ఇంతవరకు చూడలేదు.

పోతినేడు తడిగుడ్డ అందించాడు. "బొట్టు తుడుచుకోండి సామీ. ప్రమాణం అయిపోయింది."

"అక్కర్లేదు పో!" అని భస్మాంగుడు గుడ్డను విసిరికొట్టాడు. "ఎంచుకోరా చండకేతూ! పొద్దుపోతోంది!"

"రెండోది," అన్నాడు చండకేతు.

గోలందాజులు తలలు పట్టుకున్నారు. రాలిపడ్డ పలుకులు వాళ్లూ చూశారు. "అది ఫిరంగి మందు యువరాజా!" అన్నాడు పోతినేడు ఏడుపు గొంతుతో.

"తెలుసు. దాన్నే పోయమన్నారు గాని, ఎలా ఉన్నదో అలాగే పోయమని కట్టుబాటులో ఎక్కడా లేదు."

అతను బోర్లాపడ్డ గంపలోంచి కొయ్యపళ్లెం, అప్పడాల కర్ర లాంటి గుండ్రటి కర్ర ఒకటి, రెండు గుడ్డలు తీశాడు. వేషం కోసం తెచ్చుకున్న బాణసంచా సరంజామా అది. ఇనుము తగిలితే రవ్వ పుడుతుంది కాబట్టి ఆ పనిముట్లన్నీ కొయ్యవే. మందు పళ్లెంలో పోసి నూరడం మొదలుపెట్టాడు. అన్నను చంపిన చేయి ఎదురుగా ఉంది. తాతలాంటి మనిషి ఫిరంగికి వేలాడుతున్నాడు. కన్నతండ్రి ఎవరీ అబ్బాయి అంటున్నాడు. కర్ర కింద పలుకులు కరకరలాడాయి. చేయి తెలియకుండానే బలంగా నొక్కుతోంది.

"చండూ!" అని కొండమనాయుడు గద్దించాడు. "పగ తీర్చుకుంటున్నావా, మందు నూరుతున్నావా? నీ కోపం దానికి అంటించావంటే నీకూ నాకూ కలిపి ఒకటే సమాధి! మెల్లగా, నాయనా. పసిపాప వీపు నిమిరినట్టు."

చండకేతు పళ్లు బిగించాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల ఉడికిపోతున్న కోపాన్ని లోపలే అణుచుకుని చేతిని మెత్తబరిచాడు. యుద్ధభూమిలో ఏనుగుకు ఎదురు వెళ్లినప్పుడు కూడా అతను అంత కష్టపడలేదు.

భస్మాంగుడు పెదవులు కదిపాడు. ఎక్కడిదో ఒక బొంతకాకి కోట గోడ దాటి వచ్చింది. దాని ముక్కున ఎర్రటి నిప్పుకణిక ఉంది. పళ్లెం మీదికి బాణంలా దూసుకువచ్చింది. జనం కెవ్వుమని చెల్లాచెదురయ్యారు. చండకేతు పళ్లెం వదల్లేదు, లేవలేదు. తన వీపునే గొడుగుగా చేసి మందు మీదికి వంగిపోయాడు. కణిక అతని వీపు మీద పడి చొక్కా కాలి, చర్మం చుర్రుమంది. మరుక్షణం పోతినేడు తడి కుంచెతో ఆ వీపు మీద ఫెడీమని ఒకటి, కాకి మీద ఫెడీమని ఒకటి కొట్టాడు. నిప్పు చచ్చింది. కాకి అరుచుకుంటూ బురుజు ఎక్కింది.

"మందు పట్టిన చేతిని ఎవరూ పట్టకూడదన్నారు, కాకిని పంపకూడదన్నారా?" అని భస్మాంగుడు వెక్కిరించాడు.

చండకేతు నూరిన మందును ముందు వదులు నేత గుడ్డలో వేసి జల్లించాడు. లావు పలుకులు పైన ఉండిపోయాయి, వాటిని పక్కకు నెట్టేశాడు. కిందికి దిగినదాన్ని సన్నటి మల్లుగుడ్డలో మళ్లీ జల్లించాడు. పిండి కిందికి రాలిపోయింది. గుడ్డలో మిగిలింది గసగసాల్లా సన్నగా, సమంగా, నిగనిగలాడుతూ ఉంది. ఈసారి అందులో మాయ లేదు. అది చేత్తో చేసిన మందు. రాలిన పిండిని కూడా పారేయలేదు. చిల్లుల్లో రంజకానికి అదే పనికివచ్చింది.

గంప అడుగు నుంచి పిస్తోలు తీసి, ఆరు గదుల్లో మందు పోసి, గుడ్డపీలిక నొక్కి, గుండు దిగ్గొట్టి, ప్రతి గది మూతికీ తేనెమైనం మెత్తాడు. మైనం లేకపోతే ఒక గది నిప్పు పక్క గదులకు పాకి అన్నీ ఒక్కసారే పేలుతాయి. మిగిలిన మందు తోలుతిత్తిలో కట్టుకుని నిలబడ్డాడు. అవతలి బురుజు మీద కంచు గంట ఎండలో మెరుస్తోంది. గాలి నిలిచిపోయింది. కొండమనాయుడు కళ్లు మూసుకున్నాడు.

చండకేతు మీట నొక్కాడు.

ఢాం! తెల్లటి పొగ, వెంటనే ఖణేల్మని కంచు గంట. ఆ మోత ఏడు ప్రాకారాల్లోనూ మారుమోగింది. గోలందాజులు తలపాగాలు ఎగరేశారు. పిల్లలు, ముసలివాళ్లు, చివరికి ఈటెలు పట్టుకున్న భటులు కూడా కేరింతలు కొట్టారు. కొండమనాయుడు ఒక కన్ను తెరిచి, "కాస్త ఎడమకు పోయింది," అన్నాడు.

"గొలుసులు విప్పండి!" అన్నాడు చండకేతు.

భస్మాంగుడు మేడ మీది రాజు కేసి చూసి వేలు ఆడించాడు. సత్యకేతు మహారాజు నోరు బొమ్మ నోరులా తెరుచుకుంది. "పేల్చండి," అన్నాడు ఆయన. "దళవాయిని పేల్చేయండి."

"తీర్పు అయిపోయింది ప్రభూ!" అన్నాడు పోతినేడు. ఫిరంగికి నిప్పంటించే వత్తికర్రను చేతిలోంచి నేలమీద పారేశాడు. "మా తల తీసినా సరే, మేం పేల్చం." ఒకరి వెనక ఒకరు గోలందాజులందరూ వత్తులు పారేశారు.

"పిరికిపందల్లారా!" అని భస్మాంగుడు ఒక వత్తికర్రను ఎడమచేత్తో అందుకున్నాడు. ఫిరంగి వెనక్కి గెంతాడు. దాని చిల్లులో రంజకం ఎప్పుడో పోసి సిద్ధంగా ఉంది. వత్తి కొసన నిప్పు నివురుగప్పి ఉంది. దాన్ని రాజేయడానికి అతను వత్తిని ముఖం దగ్గరికి తెచ్చుకుని గట్టిగా ఊదాడు.

శోణగిరిలో ఏ గోలందాజూ చేయని పని అది. బొట్టు తుడుచుకోకుండా ఎవడూ వత్తి ముట్టడు. ఎవడో ఊరుకాని ఊరి నుంచి వచ్చి రాజగురువునన్నవాడికి ఆ సంగతి ఎవరు చెబుతారు? పోతినేడు చెప్పబోతే, అతనిచ్చిన గుడ్డను విసిరికొట్టాడు కదా.

నిప్పురవ్వలు పైకి లేచాయి. ఒక రవ్వ నుదుటి మీది మొదటి బొట్టును తాకింది.

భగ్గుమని నీలిమంట లేచింది. భస్మాంగుడు వికృతంగా అరిచాడు. బూడిద ముఖం తాటాకులా కాలి, వంకరలు తిరిగి, పెచ్చులుగా ఊడిపడింది. జడలు కమిలి రాలిపోయాయి. కుడిచేతి పట్టుసంచికి మంట అంటుకుని జారిపోయింది. కింద ఉన్న చేతికి మూడు వేళ్లు లేవు.

పొగలోంచి బయటపడిన ముఖం జయకేతుది.

మేడ మీద ఉయ్యాల గొలుసులు కిర్రుమన్నాయి. "జయా!" అని మహారాజు కేక పెట్టాడు. ఆ గొంతు బొమ్మది కాదు, తండ్రిది.

చండకేతు పిస్తోలు అప్పటికే ఆ ఛాతీకి గురిపెట్టి ఉంది. బూడిద కుండలో ఉన్నది అన్న కాదు. గాయపడ్డ అన్నను గుహకు మోసుకుపోయిన మాంత్రికుడు ఆ దేహంలోనే దూరి, పైన తన ముఖం అతికించుకుని, ఇన్నాళ్లూ తండ్రి పక్కనే కూర్చున్నాడు!

"కాల్చు తమ్ముడూ," అంది అన్న నోరు, భస్మాంగుడి గొంతుతో. "గుండె ఇక్కడే ఉంది. గురి తప్పవు కదా." అంతలో ఆ కళ్లు ఒక్క క్షణం మారిపోయాయి. నీళ్లు నిండాయి. "చండూ..." అంది మరో గొంతు, లోతైన బావిలోంచి వచ్చినట్టు. "చండూ, నేను లోపలే ఉన్నానురా!"

ఆ కళ్లు మళ్లీ మూసుకుని, వికటంగా తెరుచుకున్నాయి. ఎడమచేయి వత్తిని ఫిరంగి చిల్లు మీదికి దించింది.

ఒక్క గుండుకే సమయం ఉంది. ఎదురుగా వెడల్పాటి ఛాతీ ఉంది, కళ్లు మూసుకుని కొట్టినా తప్పదు. కొడితే దళవాయి బతుకుతాడు, అన్న ఇక ఎప్పటికీ తిరిగిరాడు. కొట్టకపోతే దళవాయి పోతాడు. చండకేతుకు తన మందు మీద ఎంత నమ్మకమంటే, జీవితంలో మొదటిసారి అది తప్పితే బాగుండునని కోరుకున్నాడు. వెంటనే ఆ కోరిక మీద కూడా కోపం వచ్చింది. చక్రం తిప్పాడు. గొట్టాన్ని అన్న ఛాతీ మీది నుంచి పక్కకు లాగాడు.

"నన్ను పోనీ! వాణ్ణి కొట్టు! కాదు, కొట్టకు!" అని కొండమనాయుడు ఏం చెప్పాలో తెలియక గొంతు చించుకున్నాడు.

పిస్తోలు పేలింది. దళవాయి చెవి పక్కన పిడికిలంత తాళం చిట్లి ఎగిరిపోయింది. గొలుసులు గలగలా విడిపోయాయి. ముసలాయన బియ్యం బస్తాలా ఫిరంగి కింద పడ్డాడు. ఆ క్షణమే భేరుండం గర్జించింది. మంటల నాలుక ఆయన నెత్తి మీదుగా దూసుకుపోయి అవతలి బురుజును, గంటతో సహా, పిండి చేసింది.

పొగ విడిపోయేసరికి ఫిరంగి వెనక ఎవరూ లేరు. పైన బొంతకాకి ఏనుగంత అయి రెక్కలు చాచింది. దాని గోళ్లలో జయకేతు దేహం వేలాడుతోంది. భస్మాంగుడి వికటాట్టహాసం వినిపించింది. కాకి ఉత్తరాన మాంత్రికుడి గుహ ఉన్న బూడిదకొండ వైపు తిరిగింది. వాకిలి బురుజులో దాగిన మాంత్రికుడి మనుషులు కోట తలుపు గొలుసులు వదిలారు. మేకులు దిగ్గొట్టిన పెద్ద తలుపు కిర్రుకిర్రుమంటూ పైనుంచి కిందికి దిగసాగింది.

చండకేతు దళవాయి దగ్గరికి పరుగెత్తి లేవదీశాడు. లేచీ లేవగానే కొండమనాయుడు అతని చెంప ఛెళ్లుమనిపించాడు.

"ఇంత చేతికి వచ్చాక వదిలేస్తావట్రా! ఆ వత్తి పట్టిన చెయ్యి మీద కొట్టొచ్చుగా! రేపో మాపో పోయే ముసలివాడి కోసం అన్నను కాకి పాలు చేస్తావా?" అని తిడుతూనే వెక్కివెక్కి ఏడ్చాడు.

"ఉన్నది ఆ ఒక్క చెయ్యే తాతా," అన్నాడు చండకేతు. "అది కూడా పోగొట్టి అన్నకు ఏం తిరిగి ఇవ్వను?"

మేడ మెట్ల మీద నుంచి కిరీటం ఊడిపోయిన మహారాజు తూలుతూ వస్తున్నాడు. "చండూ! నా తండ్రీ! నిన్ను గుర్తుపట్టానురా!"

"సంతోషం," అన్నాడు చండకేతు వెనక్కి తిరగకుండా. "అన్నను తెచ్చాక మాట్లాడుకుందాం నాన్నగారూ. మీతో నా తగువు ఇంకా తీరలేదు."

పోతినేడు రెండు గుర్రాలు లాక్కొచ్చాడు. తలుపు మనిషెత్తుకు దిగిపోయింది. కొండమనాయుడు ఇంకా తిడుతూనే ఉన్నాడు, మళ్లీ చేయి ఎత్తాడు. చండకేతు ఆయన్ను నడుం పట్టి గుర్రం మీదికి విసిరి, పిస్తోలూ మందు తిత్తీ ఆయన ఒళ్లో పడేశాడు.

"కొట్టు తాతా, ఎంత కావాలంటే అంత కొట్టు. దారిలో కొడుదువుగాని. ముందు ఆ ఖాళీ గదుల్లో మందు పోయి, మైనం మరచిపోకు!"

రెండు గుర్రాలూ మెడలు వంచి, దిగుతున్న మేకుల కింది నుంచి దూసుకుపోయాయి. ఒక మేకు చండకేతు వీపు మీది కాలిన గాయాన్ని గీరింది. అతను పట్టించుకోలేదు. అతని కళ్లు ఆకాశంలో చిన్నదవుతున్న ఆ నల్లటి రెక్కల మీదే ఉన్నాయి. వాటి కింద నుంచి మూడు వేళ్లు లేని చేయి ఒకటి అతనికేసి చాచి ఉంది.